బ్లాకులు వెతికిపెట్టిన బాబాయి గారికి

నిన్న సాయంత్రం నాన్నకి మొదటి కీమో డ్రిప్ ఎక్కించారు. నాలుగు రోజులుగా నిద్ర లేదు, ఏదైనా తప్పు రాస్తే ఏమీ అనుకోకండి.

నాన్నకి పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్ బాగా జరిగింది, పేగు చుట్టూ ఉండే చిన్న చిన్న లింఫ్ గ్రంథులకి పాకలేదు, రెండో స్టేజే, కీమో అక్కర్లేదన్నారు. సింహాచలం వెళ్ళి మొక్కు కూడా తీర్చేసుకున్నాం. తర్వాత అగనంపూడిలో ఇంకో డాక్టరమ్మకి రిపోర్టు చూపిస్తే, "కనీసం 12 గ్రంథులు చూడాలి, ఇక్కడ 7 మాత్రమే చూశారు, కంటికి ఆనని కణాలు ఉండిపోయాయేమో, బ్లాకులు పట్టుకురండి" అన్నారు. బ్లాకులంటే ఆపరేషన్లో తీసిన గడ్డ, గ్రంథుల ముక్కల్ని మైనంలో పెట్టి దాచిన దిమ్మలు. కీమో అవసరమైతే ఆపరేషన్ అయిన 8 వారాల్లోపు మొదలుపెట్టడం మంచిదట, మాకప్పటికే ఆరో వారం.

ఆపరేషన్ చేసిన చోట మూడు రోజులు తిప్పారు. ఈ కౌంటర్లో సంతకం, ఆ సార్ లీవు, సోమవారం రండి. ఆ 7 అన్న అంకె మా రిపోర్టులోనే ఉంది, ఒక్కరూ చెప్పలేదు!

మూడో రోజు సాయంత్రం ల్యాబ్ మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, డ్యూటీ దిగి వెళ్ళిపోతున్న అటెండరు ఒకాయన ఆగి "ఏటమ్మా, ఏటయ్యింది?" అన్నారు. విని, తన క్యారేజీ నా పక్కన పెట్టి లోపలికి వెళ్ళారు. రెండు గంటలు. వచ్చేసరికి చొక్కా నిండా దుమ్ము, చేతిలో దూదిలో చుట్టిన పొట్లం, డ్యూటీ డాక్టరు గారి సంతకంతో సహా. దిమ్మల మీది నంబర్లు ఒక్కొక్కటే రిపోర్టుతో సరిచూసి నా చేతిలో పెట్టి, "ఎండలో ఉంచకమ్మా, మైనం కరిగిపోద్ది. బస్సులో ఇంజిను పక్కన కూర్చోకు" అన్నారు. అక్కడ ఇంక ఏడుపు ఆపుకోలేకపోయాను. నాన్ననే జాగ్రత్తగా అప్పగించినట్టు అనిపించింది. నేను కళ్ళు తుడుచుకునేలోపు ఆయన బస్సుకి పరిగెత్తారు, పేరు కూడా అడగలేదు.

ఆ దిమ్మల్ని ఇంకా లోతుగా కోసి, ప్రత్యేకమైన రంగు వేసి చూస్తే ఒక గ్రంథిలో అర మిల్లీమీటరు కూడా లేని మచ్చ దొరికింది. మూడో స్టేజ్. వినగానే కాళ్ళు ఆడలేదు. కానీ అది దొరక్కపోతే నాన్నకి ఈ కీమో ఉండేది కాదేమో. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయితే రిపోర్టులో ఎన్ని గ్రంథులు చూశారో ఒక్కసారి అడగండి.

సాయం చేసినవాళ్ళలో అన్నయ్య, వదిన, చిన్నత్త ఎలాగూ ఉన్నారు, ఉంటారు.

అయ్యో, మర్చిపోయాను, అర్ధరాత్రి గాజువాక నుంచి తీసుకెళ్ళిన ఆటో తమ్ముడు, రక్తం ఇచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలు, చల్లనీళ్ళు తాగకూడదంటే నాన్నకి ప్రతిసారీ వేడినీళ్ళు కాచి ఇచ్చిన క్యాంటీన్ అక్క. ఇంకా ఎవరో ఉన్నారు, గుర్తు రాగానే రాస్తాను. బాబాయి గారూ, ఇది మీకు ఎవరైనా చదివి వినిపిస్తే, నాన్న మిమ్మల్ని చూడాలంటున్నారు.