కంచె దూకించకు, కచేరీకి పంపించు

ఫోర్ట్ వర్త్, టెక్సస్

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నీ నవల మొదటి నాలుగు అధ్యాయాలు అందాయి. గడీల కథలు విని పెరిగినవాడివి కదా, ఈ టెక్సస్ ర్యాంచ్ దొరల కుటుంబం, వాళ్ళ పశువుల ఎస్టేటు బాగా కుదిరాయి. ముసలామె మాట తీరు చదివితే భయం వేసింది. కానీ డిటెక్టివ్ రెండో అధ్యాయంలోనే కంచె దూకేశాడు. అది మార్చాలిరా.

ఇక్కడ ప్రైవేట్ డిటెక్టివ్‌కి లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రజాభద్రతా శాఖ. పోలీసు అధికారం మాత్రం ఇసుమంతైనా ఉండదు. కంచె గుంజల మీద ఊదా రంగు గీతలు ఉంటే లోపలికి రావద్దని బోర్డు పెట్టినట్టే లెక్క. గీత నిలువుగా ఉండాలి, కనీసం 8 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, దాని అడుగు కొస నేలకి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో. దాటితే షెరీఫ్ వస్తాడు, అంటే కౌంటీకి (మన జిల్లా లాంటిది) పోలీసు పెద్ద. ఆయన్ని నాలుగేళ్ళకోసారి ఓట్లేసి గెలిపించేది ఆ కౌంటీ జనమే, నీ కథలో వాళ్ళలో సగం మంది ఆ కుటుంబం జీతగాళ్ళే. దొరతనం ఆ ఓట్లలో ఉంది.

లోపలికి పోక తప్పదంటే ఏటి దారి ఉంది. సగటున 30 అడుగుల వెడల్పున్న ఏరైతే, నీళ్ళు ఎండిపోయినా సరే, దాని ఇసుకలో నడిచే హక్కు అందరికీ ఉంటుంది. రోడ్డు వంతెన దగ్గర దిగి ర్యాంచ్ నడిమధ్య దాకా పోవచ్చు. ఒడ్డెక్కాడో, దొరికిపోయినట్టే. జీపు దింపించకు, ఏట్లో బండ్లకి నిషేధం.

అసలు పని కౌంటీ కచేరీలో ఉంది. మనం ఈసీ తీయించినట్టు, క్లర్క్ దగ్గర అమ్మినవాళ్ళ పేర్ల సూచిక, కొన్నవాళ్ళ పేర్ల సూచిక అడగాలి. ఎవరైనా చూడొచ్చు. నువ్వు దస్తావేజులో ధర కనబడిందని రాశావు, అది కుదరదు. ధర బయటపెట్టాలన్న నియమం ఇక్కడ లేదు, "పది డాలర్లు, ఇతర ప్రతిఫలం" అని రాసి ఊరుకుంటారు. తనఖా కాగితంలో మాత్రం మామూలుగా అప్పు మొత్తం, ఇచ్చినవాడి పేరు రెండూ ఉంటాయి. ముసలామె దేనికి వణుకుతోందో అక్కడ తెలియనీ. ఇంకొకటి, పైనేల ఒకరిది, కింద చమురు మరొకరిది కావచ్చు. తాతల నాడే చమురు హక్కు అమ్ముకున్న కుటుంబం అయితే, బావి తవ్వేవాడు తనకు కావలసినంత మేర లోపలికొస్తుంటే ఆపే వీలుండదు. నాకైతే నవలకి ప్రాణం ఇదే అనిపిస్తోంది.

ఆవు ఒంటి మీద కాల్చిన ముద్ర చూడగానే అది ఎవరిదో నీ డిటెక్టివ్ తేల్చేశాడు, అదీ తప్పే. ముద్రలు కౌంటీవారీగా నమోదవుతాయి, పదేళ్ళకోసారి మళ్ళీ చేయించుకోవాలి, పోయినసారి 2021లో జరిగింది. ఎడమ తుంటి మీదా, కుడి భుజం మీదా అన్నది కూడా రాయిస్తారు. అదే గుర్తు పక్క కౌంటీలో ఇంకొకరిది కావచ్చు. అందుకని ఆవు ఎక్కడ దొరికిందో ముందు చెప్పు. దొంగ పశువుల్ని వేలానికి తోలితే, 1877లో పుట్టిన పశుపోషకుల సంఘం తాలూకు మనిషి అక్కడ ముద్రలు రాసుకుంటాడు. ఆ సంఘం స్పెషల్ రేంజర్లకి అరెస్టు చేసే అధికారం ఉంది. అలాంటి ఒకణ్ణి కథలోకి తీసుకురా. ముసలామె కూడా ఆ సంఘం సభ్యురాలే అనుకో, అతను ఎటు మొగ్గుతాడు?

ఐదో అధ్యాయం రాయగానే పంపు. అమ్మానాన్నలకి నా నమస్కారాలు.

నీ అక్క