కలివికోడి కనిపించిందంటే ముందు సరిచూడండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మా వాట్సాప్ గ్రూపుల్లో ఒక పిట్ట ఫోటో తిరిగింది. కింద 'సిద్ధవటం అడవిలో కలివికోడి' అని రాసి ఉంది. మర్నాడు ఒక పత్రిక జిల్లా పేజీలో అదే ఫోటో వేసి, అదే మాట రాసి, ఏ దారిన వెళ్లాలో కూడా చెప్పేశారు. నేను ఫోటో పెద్దది చేసి చూశాను. నడినెత్తి నల్లగా ఉంది, కంటి ముందు పసుపుపచ్చ తోలు వేలాడుతోంది, కాళ్లూ పసుపే. అది మన బీళ్లలో పట్టపగలు తిరిగే తీతువు జాతి పిట్ట. కలివికోడికి ఆ తోలు ఉండదు. రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి. అది బయటికొచ్చేది రాత్రిపూట. ఈ తేడా చెప్పగలిగిన వాళ్లకు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. రెండు రోజులకే కుర్రాళ్లు టార్చిలైట్లు పట్టుకుని బైకుల మీద ఆ పొదల్లోకి పోవడం మొదలైంది.

ఇంత బాధ ఎందుకంటే, 1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్న పక్షి అది. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మన జిల్లా వేటగాడొకరు టార్చి వెలుగులో ఒకదాన్ని పట్టుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని చూసి, కలివికోడేనని నిర్ధారించారు. ఊరివాళ్ల మాట కదా అని కొట్టిపారేయలేదు, వినగానే నమ్మనూ లేదు. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలుగా పరిచి, తెల్లారాక అడుగుజాడలు కొలిచి చూసుకున్నారు. తర్వాత చాలా ఏళ్లు కనిపించకుండా పోయి, 2025 ఆగస్టులో మళ్లీ దాని జాడ తెలిసిందంటే రికార్డు చేసిన కూత చేతిలో ఉండబట్టే.

తప్పుడు రికార్డు ఎంత నష్టం చేస్తుందో అడవి పిల్లగుడ్లగూబ సంగతి చూస్తే తెలుస్తుంది. రిచర్డ్ మైనర్ట్‌జాగన్ అనే బ్రిటిష్ సైనికాధికారి, అప్పటికే మ్యూజియంలో ఉన్న పాత పక్షి చర్మాన్ని దొంగిలించి, 1914లో గుజరాత్‌లో తానే సేకరించానని చీటీ తగిలించాడు. ఆ చీటీని నమ్మి వెతికిన వాళ్లకు ఆ పక్షి దొరకలేదు. పక్షి శాస్త్రవేత్త పమేలా రాస్ముసెన్ ఆ మోసాన్ని కనిపెట్టి, ఆ చీటీని పక్కనపెట్టి వెతికాకే 1997లో మహారాష్ట్రలో అది కనిపించింది. అంటే 1884 నాటి చివరి అసలు రికార్డుకు 113 ఏళ్ల తర్వాత.

నాకూ ఒక అనుభవం ఉంది. చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నేను పెట్టిన ఒక అరుదైన పక్షి గురించి, సరిచూసే వాలంటీర్ ఒకరు మెయిల్ పంపారు. ఎంత దూరంలో చూశారు, వెలుతురు ఎటువైపు నుంచి ఉంది, దాన్ని పోలిన మరో పక్షి కాదని ఎలా అనుకున్నారు అని అడిగారు. ఇరవై ఏళ్లుగా పిట్టల్ని చూస్తున్న నన్నే అడుగుతారా అని కోపం వచ్చింది. నోట్‌బుక్ తీసి చూసుకుంటే రెక్కల రంగు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఎండకు ఎదురుగా చూశానని మాత్రం ఉంది. నేనే ఆ రికార్డు తీసేశాను. ఆయన అడిగిన తీరులో అవమానమేమీ లేదని తర్వాత అర్థమైంది.

బ్రిటన్‌లో 1959 నుంచే అరుదైన పక్షుల రికార్డుల్ని పరిశీలించడానికి ఒక కమిటీ ఉంది. మన రాష్ట్రంలోనూ అటవీ శాఖ, విశ్వవిద్యాలయాలు, పక్షి పరిశీలకులు కలిసి అలాంటిదొకటి పెట్టుకోవాలి. ఏదైనా రికార్డును ఒప్పుకోకపోతే కారణం రాసి ఇవ్వాలి. పంపినవాళ్లు పశువుల కాపరులైనా సరే, ప్రొఫెసర్లయినా సరే, అడిగే ప్రశ్నలు ఒకటే కావాలి. పత్రికలవాళ్లను నేను కోరేది ఇంకా చిన్నది. ఫోటో, తేదీ, సమయం తెప్పించుకుని, తెలిసినవాళ్లకు చూపించాకే వేయండి. నిజమేనని తేలినా చోటు మాత్రం రాయకండి. సున్నితమైన జాతుల విషయంలో ఈబర్డ్ కూడా చోటు దాచే ఉంచుతుంది. తప్పు పడితే, వేసిన పేజీలోనే సవరణ ఇవ్వండి.

ఆ తీతువు ఫోటోకు ఇంతవరకు సవరణ రాలేదు. ఫోటో తీసిన అబ్బాయిని వెతికి పట్టుకుని మాట్లాడాను. ఇంటర్ చదువుతున్నాడు. ఊళ్లో అందరూ అబద్ధాలకోరు అంటున్నారని దిగులుపడుతున్నాడు. అది కలివికోడి అని అతను అననే లేదు. 'ఇదేం పిట్ట?' అని గ్రూపులో అడిగాడంతే.

– ఒక పక్షి పరిశీలకుడు, కడప