గుండీ కుట్టారు, కాజా మరిచారు

హైదరాబాద్,
గురువారం రాత్రి

ఒరేయ్ రాఘవా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయనందుకు తిట్టు, పడతాను. మొదటిదానికి బద్ధకం కారణం, రెండోదానికి అమ్మ. చిన్నది పదో తరగతికి వచ్చింది, ఇంటాయన అద్దె పెంచాడు, నాకు బదిలీ తప్పింది, గణపతి చందాకు కుర్రాళ్లు ఇప్పటికే మూడుసార్లు తలుపు తట్టారు. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతి విను. పది రోజులుగా కడుపులో ఉడికిపోతోంది. ఇక్కడ ఎవరికి చెప్పినా "పాపం" అంటారు. నాకు కావలసింది పాపం కాదు, మీసాల మాస్టారి క్లాసులో నా పక్కన కూర్చున్నవాడు.

అమ్మకు పెద్దపేగు ఆపరేషన్ అయిందని, కీమో నడుస్తోందని తెలుసు కదా. రెండు వారాలకోసారి వెళ్లాలి. ఒక మందు అక్కడే ఎక్కిస్తారు. ఇంకొకటి చిన్న పంపులో నింపి, నడుముకు తగిలించి ఇంటికి పంపిస్తారు. 46 గంటలపాటు అది లోపలికి పోతూనే ఉంటుంది. చేతి నరాలు దానికి తట్టుకోవు. అందుకని ఛాతీ పైభాగాన కుడివైపు, కాలర్ ఎముక కింద, చర్మం లోపల పోర్టు పెట్టారు. బిళ్లలా ఉంటుంది, పైన సిలికాన్ మూత. దాని నుంచి సన్నని గొట్టం మెడలోని పెద్ద రక్తనాళం గుండా గుండె గుమ్మం దాకా వెళుతుంది. మందు ఎక్కించాలంటే చర్మం మీద నుంచే ఆ మూతలోకి సూది గుచ్చుతారు. నలభై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి కదా, అద్దంలో చూసుకుని "గుండీ కుట్టారు గానీ కాజా మరిచారు" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు గుండీ.

పోర్టు పెట్టిన రోజే ఒక కుర్ర డాక్టరు కాగితం పట్టుకుని వచ్చాడు. పీజీ చదువుతున్నాడు. ఎవరి పోర్టుకు ఇన్‌ఫెక్షన్ వస్తుందో ముందే చెప్పగలమా అన్నది అతని పరిశోధన. వయసెంత, షుగరు ఉందా, ఏ క్యాన్సరు, తెల్ల కణాలు ఎన్ని, నరం ద్వారా ఆహారం ఎక్కిస్తున్నారా అని అడిగి మార్కులు వేశాడు. రక్త క్యాన్సర్ల వాళ్లకు, తెల్ల కణాలు బాగా పడిపోయిన వాళ్లకు ఎక్కువ పడతాయట. అమ్మకు షుగరు లేదు, కణాలు బాగున్నాయి. "తక్కువ ప్రమాదం" అన్న గడిలో టిక్కు పెట్టాడు.

నాకు నవ్వాగలేదు. పదహారేళ్లుగా నేను బ్యాంకులో చేస్తున్న పని అదే కదా! ఎవడు అప్పు ఎగ్గొడతాడో మార్కులు వేసి చెప్పడం. ఆ మాటే చెప్పాను, దోస్తీ కుదిరింది. నీ లెక్క ఎంత బాగా పనిచేస్తోందని అడిగితే కొలమానం చెప్పాడు: 0.5 వస్తే గుడ్డిగా చెప్పినట్టు, 1 వస్తే తప్పే లేనట్టు. నేను మాత్రం 0.5 అంటే మా రాఘవ పరీక్షలో ఎగరేసిన రూపాయి బిళ్ల, 1 అంటే బ్రహ్మంగారి కాలజ్ఞానం అని మనసులో అనువదించుకున్నాను. (ఆ బిళ్లతో నువ్వు పాసయ్యావు, చదివిన నేను తప్పాను. మరిచిపోలేదు.) తనది బిళ్లకు పైనే ఉందని సిగ్గుపడుతూ చెప్పాడు.

ఇప్పుడు ఆ రోజుకు వస్తున్నాను.

నాలుగో విడత కీమో. పొద్దున్నే వెళ్లాం. సిస్టరు పోర్టుకు సూది గుచ్చి, పరీక్షకు రక్తం తీసి, సెలైను ఎక్కించి గొట్టం కడిగింది. ఫ్లష్ చేయడం అంటారు. రిపోర్టు వచ్చేలోగా ఇడ్లీ తిందామని క్యాంటీనుకు దిగాం. రెండో ఇడ్లీ దగ్గర అమ్మ చేతిలో చెంచా టకటక కొట్టుకుంది. అరగంట కూడా కాలేదు. చూస్తుండగానే దవడలు కొట్టుకోవడం మొదలైంది, బల్ల కదిలిపోయింది, సాంబారు ఒలికింది. నేనేం చేశానో తెలుసా? కోప్పడ్డాను! ఆమె మందుల్లో ఒకదానికి చల్లటిది తగిలితే వేళ్లు, గొంతు జివ్వుమంటాయి, ఫ్రిజ్ ముట్టుకోకూడదు. "చల్లనీళ్లు తాగావా? ఎన్నిసార్లు చెప్పాలి?" అని అరిచాను. నా తల్లి వణుకుతూనే "లేదురా" అంది. ఆ "లేదురా" ఇప్పటికీ...

పైకి తీసుకెళ్లాం. చుట్టూ నలుగురు తలో మాట అంటున్నారు. ఆ సిస్టరు మాత్రం ఒకే ప్రశ్న వేసింది: "ఫ్లష్ చేసి ఎంతసేపయింది?" జవాబు వినగానే పోర్టులోకి ఇంకేమీ ఎక్కించొద్దని చెప్పి డాక్టర్ల కోసం పరుగెత్తింది. గొట్టం లోపలి గోడకు సూక్ష్మజీవులు జిగురు పొరలా పట్టుకుని ఉంటాయట. కదపనంతసేపూ ఊరుకుంటాయి, నీళ్లు తోయగానే రక్తంలో పడతాయి. జ్వరం 103.

రెండు చోట్ల నుంచి ఒకేసారి రక్తం తీశారు, పోర్టు నుంచి ఒకటి, చేతి నుంచి ఒకటి. ఏ సీసాలో క్రిములు ముందు పెరుగుతాయో చూస్తారు. పోర్టు సీసా రెండు గంటలో, అంతకు మించో ముందుంటే దొంగ పోర్టులోనే ఉన్నట్టు. మాది మూడు గంటలు ముందుంది. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి. ఇది చిక్కితే పోర్టు తీసేయవలసిందే అన్నారు, తీసేశారు. గుండె కవాటాల మీద కూర్చుందేమోనని ఎకో, అదే గుండె స్కానింగ్, కూడా తీశారు. లేదు, బతికాం.

మర్నాడు ఆ కుర్ర డాక్టరు కనిపించాడు. వరండాలో అందరూ వింటుండగా పట్టుకుని కడిగేశాను. "తక్కువ ప్రమాదం అని రాశావే, ఏదీ నీ టిక్కు?" పాపం అతను నెమ్మదిగా అన్నాడు: "తక్కువ అంటే లేదని కాదు సార్."

రాఘవా, ఆ వాక్యం నాది! అప్పు మునిగిన ప్రతి మేనేజరుకూ పదహారేళ్లుగా నేను చెప్పే వాక్యం అక్షరం పొల్లుపోకుండా నా నెత్తిన పడింది. అక్కడే కూలబడ్డాను. మా బ్యాంకులో కూడా మునిగిన ఖాతాలు లెక్కపెడితే మంచి మార్కులవాళ్లే ఎక్కువమంది. వందకు ఇద్దరే మునిగినా, ఆ వందలు ఎన్ని ఉన్నాయి మరి! నాకు తెలియని లెక్కా ఇది? ఇంకో తిరకాసు కూడా ఉంది. అతని దగ్గర ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లు కొద్దిమందే, అడిగే ప్రశ్నలేమో బోలెడు. ఎగవేతలే లేని శాఖలో ఎగవేతదారుడి పోలికలు వెతికినట్టు. పైగా మార్కులు వేసింది మొదటి రోజున, ఒక్కసారే. ఆ తరవాత అమ్మ ఒంట్లో ఎన్ని మారాయో ఆ కాగితానికి ఎలా తెలుస్తుంది?

కాగితానికే కాదు, డాక్టర్లకూ తెలియనిది ఒకటుంది. నాకు తెలుసు. లాల్‌దర్వాజా బోనాల ఆదివారం. శుక్రవారం పంపు తగిలించారు, ఆదివారం మధ్యాహ్నం దాకా సూది ఒంట్లోనే ఉండాలి. తెల్లవారుజామున నేను లేచేసరికి అమ్మ తలస్నానం చేసి, పసుపు రాసుకుని, బోనం కుండకు సున్నం పూస్తోంది. సూది మీద అతికించిన పట్టీ తడిసి ఒక పక్క ఊడింది. నేనేం చేశాను? పొడిబట్టతో అద్ది, మళ్లీ అతికించాను. అమ్మవారి పండుగ రోజున ఆసుపత్రికి ఎవరు పోతారు అనుకున్నాను. నాలుగో విడతకు రెండు రోజుల ముందు ఒళ్లు వెచ్చబడితే పారాసెటమాల్ ఇచ్చి ఊరుకున్నది కూడా నేనే.

మొన్న అతనికి ఇదంతా చెప్పేశాను. దానివల్లే వచ్చిందని చెప్పలేమన్నాడు, దానివల్ల కాదని కూడా చెప్పలేమన్నాడు. కాగితం తీశాడు. తలస్నానానికి గడి లేదు. కాసేపు చూసి, పక్క ఖాళీలో పెన్నుతో రాసుకున్నాడు: "పంపు ఉండగా పట్టీ తడిసింది." ఇంకా ఎంతమంది ఇళ్లలో ఎన్ని పట్టీలు తడిశాయో అడగాలనిపించింది గానీ...

అమ్మ బాగానే ఉంది. రక్తం శుభ్రమైన రోజు నుంచి లెక్కపెట్టి 14 రోజులు ఇంజక్షన్లు, ఈరోజు తొమ్మిదోది. పోర్టు తీసిన చోట కుట్లు చూసి పెదవి విరిచింది, "కుట్టు వంకర పోయింది" అని. కీమో మళ్లీ ఎప్పుడో, ఈసారి ఎక్కడి నుంచి ఎక్కిస్తారో ఇంకా తేల్చలేదు. చేతి నుంచి వేసే పొడవాటి గొట్టం గురించి మాట్లాడుతున్నారు. నువ్వు ఆ గొట్టాల సంగతి మీ బావగారిని అడిగి

అదిగో, సీసా అయిపోయిందని అమ్మ చెయ్యి ఊపుతోంది. మిగతాది రేపు

నీ
సత్యం