బ్రేకు డిస్కులో ముందు చూడాల్సింది బరువు

సంపాదకులకు,

వేగంగా వెళ్లే కార్ల గురించి పత్రికల్లో వచ్చే రాతల్లో హార్స్‌పవర్, టార్క్ అంకెలు తప్పకుండా ఉంటాయి. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి చిల్లులున్న డిస్కు ఫొటో ఒకటి వేసి సరిపెడతారు. అది చూసినవాళ్లు పాత డిస్కులు అరగ్గానే చిల్లులవే కావాలని పట్టుబడతారు. దయచేసి మీ కార్ల పేజీలో డిస్కు బరువు, కనీస మందం అంకెలు కూడా వేయండి. ఎందుకంటారా, చూడండి.

చక్రంతో పాటు తిరిగే ఈ డిస్కును ప్యాడ్లు రెండు వైపులా నొక్కితే కారు ఆగుతుంది. డిస్కు పని కారు వేగాన్ని వేడిగా మార్చడం, ఆ వేడిని మోయడం, గాలికి వదలడం. 1500 కిలోల కారును గంటకు 200 కిలోమీటర్ల నుంచి 100కు తగ్గిస్తే దాదాపు 17 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అందులో 70 శాతం ముందు రెండు బ్రేకుల మీద సమానంగా పడిందనుకుందాం. గాలికి పోయేది పక్కన పెడితే, 9 కిలోల ఇనుప డిస్కు ఆ ఒక్క బ్రేకుకే సుమారు 150 డిగ్రీలు వేడెక్కుతుంది. అదే 8 కిలోలదైతే 165 డిగ్రీలు. రేసు ట్రాక్ మీద అది చల్లారేలోపే ఇంకో మలుపు వస్తుంది, మళ్లీ బ్రేకు పడుతుంది. అందుకే కొత్త డిస్కు కొనేముందు కంపెనీ డిస్కుతో పాటు కాటా మీద పెట్టి చూడండి. మొత్తం మందం రెండిటికీ ఒకటే ఉండొచ్చు. అంచు వైపు నుంచి చూస్తే, నాసిరకం దానిలో ప్యాడ్లు రాసుకునే పలకలు పలచగా, మధ్య ఖాళీ ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడే బరువు తగ్గిస్తారు.

ఇక చిల్లులు. పాతకాలపు ప్యాడ్లు బాగా వేడెక్కితే వాయువులు వదిలేవి, అవి పోవడానికి దారి కావలసి వచ్చేది. ఇప్పటి ప్యాడ్లతో ఆ బాధ చాలా తక్కువ. వానలో డిస్కు మీది నీటి పొర త్వరగా తెగడానికి చిల్లులు పనికొస్తాయి, కాదనను. కానీ తీవ్రమైన వేడిలో పగుళ్లు మొదలయ్యేది చిల్లు అంచు దగ్గరే. వెంట్రుకంత పగులు చిల్లు నుంచి చిల్లుకు పాకినా, డిస్కు బయటి అంచును చేరినా ఆ డిస్కు ఇక పనికిరాదు. చిల్లులతోనే డిజైన్ చేసిన డిస్కు వేరు, మామూలు డిస్కు తెచ్చి డ్రిల్ చేసింది వేరు. రెండో రకం జోలికి అసలు వెళ్లొద్దు. ట్రాక్ వాడకం ఉంటే గాట్లున్న డిస్కో, నున్నటి డిస్కో తీసుకోవాలి. గాట్లు ప్యాడ్ పైపొరను గీకుతూ పట్టు నిలబెడతాయి. బదులుగా ప్యాడ్లు త్వరగా అరుగుతాయి, బ్రేకు వేసినప్పుడు సన్నటి గరగర వినిపిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా తప్పు జరిగేది డిస్కు లోపలి రెక్కల దగ్గర. రెండు పలకల మధ్య ఉండే ఈ రెక్కలు మధ్యలోంచి గాలిని లాగి అంచు నుంచి బయటికి విసురుతాయి. రెక్కలు నిటారుగా ఉంటే ఏ వైపైనా బిగించొచ్చు. వంపుగా ఉంటే ఎడమ డిస్కు వేరు, కుడి డిస్కు వేరు. హబ్ (డిస్కును, చక్రాన్ని బిగించే మధ్యభాగం) నుంచి అంచు వైపు రెక్క వెంట చూపు సాగిస్తే, అది చక్రం తిరిగే దిశకు ఎదురుగా, వెనక్కి వాలి ఉండాలి. చాలామంది పైకి కనిపించే గాట్ల వాలు చూసి ఎడమ, కుడి నిర్ణయిస్తారు. అది లెక్కలోకి రాదు. వంపు రెక్కల డిస్కులు రెండిటికీ ఒకే పార్ట్ నంబరు ఉంటే ఒక వైపు గాలి సరిగా లాగదన్నమాటే.

ఇనుములో హై కార్బన్ రకం అడగండి. వేడిని బాగా పాకిస్తుంది, పగుళ్లను తట్టుకుంటుంది, చప్పుడూ తక్కువ. మధ్యభాగం అల్యూమినియం, చుట్టూ ఇనుప రింగు ఉండే రెండు ముక్కల ఫ్లోటింగ్ డిస్కు బరువు తక్కువ, కానీ ఆ తగ్గుదల మధ్యభాగంలోనే, వేడి మోసే రింగులో కాదు. వేడికి రింగు స్వేచ్ఛగా వ్యాకోచిస్తుంది కాబట్టి గొడుగులా వంగదు. కాస్త గలగలమంటుంది, బిగింపులు అరిగాయేమో అప్పుడప్పుడూ చూడాలి. పెద్ద డిస్కు వేయాలంటే క్యాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని డిస్కు మీద నొక్కే భాగం) బ్రాకెట్, చక్రం లోపలి జాగా, ముందు వెనుక బ్రేకుల పంపకం అన్నీ మారతాయి. విడిగా డిస్కు ఒక్కటే కొని చేసే పని కాదది.

పాతది మార్చాలా వద్దా అన్నది డిస్కు మీద అచ్చుపోసిన కనీస మందం చెబుతుంది. వెర్నియర్‌తో కొలిస్తే దాని దవడలు అరగని అంచు గట్టు మీద ఆగి ఎక్కువ చూపిస్తాయి. మైక్రోమీటర్‌తో, ప్యాడ్ రాసుకునే చోట, చుట్టూ ఏడెనిమిది చోట్ల కొలవాలి. మార్చేటప్పుడు ఒక యాక్సిల్ మీది రెండూ (ముందువైతే ముందు రెండూ, వెనుకవైతే వెనుక రెండూ) కలిపి మార్చాలి, ప్యాడ్లు కూడా కొత్తవే వేయాలి.

బిగించేటప్పుడు హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో మెరిసేలా శుభ్రం చేయాలి. అక్కడ 0.05 మిల్లీమీటర్ల తుప్పు రేకు ఒక పక్క మిగిలినా డిస్కు అంచు దగ్గర ఆ తేడా రెట్టింపు దాటుతుంది. నట్లన్నీ బిగించి, అంచుకు 10 మిల్లీమీటర్లు లోపల డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలమానం) పెట్టి, తిప్పి డిస్కు ఎంత ఊగుతుందో చూడండి. ఎంతవరకు ఫర్వాలేదో ఆ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఈ ఊగుడును వదిలేస్తే డిస్కు తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడ్‌కు తగిలి అక్కడ అరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత పెడల్ అదురుతుంది. అప్పుడు డిస్కు వంగిందంటారు. చాలాసార్లు వంగి ఉండదు, మందం తేడా వచ్చిందంతే. ప్యాడ్ పదార్థం అక్కడక్కడా దట్టంగా అంటుకున్నా ఇదే అదురు.

అలా అంటుకోకుండా ఉండాలంటే కొత్త డిస్కు మీది నూనె పూతను బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, ఖాళీ రోడ్డు మీద గంటకు 100 నుంచి 20కి ఎనిమిది పది సార్లు గట్టిగా వేగం తగ్గించాలి. మధ్యలో పూర్తిగా ఆగకూడదు. తర్వాత పది నిమిషాలు బ్రేకు దాదాపు ముట్టకుండా నడిపి చల్లార్చాలి. డిస్కు మండుతున్నప్పుడు పెడల్ తొక్కి నిలబడితే ప్యాడ్ ముద్ర దాని మీదే పడుతుంది. బ్రేకు ఆయిల్ కూడా అప్పుడే మార్చండి. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలి. తేమ పీల్చుకున్నాక ఆ కనీస హద్దు 155 మాత్రమే. ఆయిల్ మరిగితే డిస్కు ఎంత మంచిదైనా పెడల్ నేలకు దిగిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు