మొవ్వు జాగ్రత్త, అమ్మలూ

కేటీ, టెక్సస్
సంక్రాంతి వెళ్ళిన వారం

అమ్మలూ,

నువ్వు పంపిన పెరటి ఫోటోలు చూశాం. మీ అమ్మ బీరపాదుకి చోటు వెతికింది, నేను ఎండ ఎటు పడుతోందో చూశాను. "నాన్నా, కంచె పక్కన కొబ్బరిచెట్టు లాంటిది ఒకటి వేస్తే మన అంబాజీపేటలా ఉంటుంది కదా" అన్నావు. ఫోన్లోనే చెప్పేయొచ్చు. కానీ నువ్వు కారు నడుపుతూ "ఊఁ, ఊఁ" అంటావు, శనివారం పెద్ద దుకాణానికి వెళ్ళి లేబుల్ మీద బొమ్మ బాగున్న మొక్క తెచ్చేస్తావు. అందుకని కూర్చుని రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు, గొయ్యి తవ్వేది అతనే కదా.

కొబ్బరి మీద ఆశ ముందే వదిలెయ్. మా హ్యూస్టన్‌లోనే అది ఆరుబయట నిలవదు, ఇక మీ నార్త్ కరొలైనా మాట చెప్పాలా. దుకాణాల్లో కొబ్బరిలా కనిపిస్తూ చవగ్గా దొరికేది క్వీన్ పామ్. పొడవాటి మట్టలు, గాలికి ఊగే తీరు, అచ్చం మన చెట్టే. దాని చలి ఓపిక మాత్రం తక్కువ. 25 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మట్టలు మాడతాయి, 20 దాటి కిందికి దిగితే చెట్టు ప్రాణం మీదికి వస్తుంది. మా సబ్‌డివిజన్‌లో వీధికి రెండు వైపులా ఇవే ఉండేవి, నీకు గుర్తుండే ఉంటుంది. 2021 ఫిబ్రవరి చలికి హ్యూస్టన్ పెద్ద విమానాశ్రయం దగ్గర 13కి పడింది, అంటే దాదాపు మైనస్ 10.6 సెల్సియస్. పగలు కూడా మంచు కరగలేదు. మనింట్లో కరెంటు లేదు, పక్కింట్లో పైపులు పగిలాయి. ఎండాకాలం వచ్చేసరికి వీధిలో క్వీన్ పామ్‌లన్నీ కరెంటు స్తంభాల్లా మోడులై నిలబడ్డాయి. మన పెరట్లో ఉన్న బుటియా, అదే పిండో పామ్, మట్టలు మాడి కూడా బతికింది. నువ్వు జామ్ చేసి పాడుచేసిన పళ్ళు దానివే. మామిడికాయ దొరకని రోజు మీ అమ్మ వాటిని పప్పులో వేసింది. పీచు ఎక్కువ, పులుపు సరిపోయింది.

ఒకే వీధిలో ఒకటి చచ్చి, ఒకటి ఎందుకు బతికింది? మామిడికొమ్మ విరిగితే పక్కనుంచి చిగురేస్తుంది. ఒంటి కాండం మీద పెరిగే పామ్‌లకి ఆ వీలు లేదు. తాడికైనా, కొబ్బరికైనా, బుటియాకైనా పైన ఒక్కటే మొవ్వు, అంటే కొత్త ఆకు పుట్టే చిగురు. మట్టలన్నీ ఎండిపోయినా మొవ్వు బాగుంటే కొత్త ఆకు వస్తుంది. మొవ్వు చస్తే, పచ్చటి మట్టలు ఎన్ని ఉన్నా అవి ఇంకొన్నాళ్ళ అలంకారమే. 1996 నవంబరు తుఫాను తర్వాత మీ తాతయ్య తోటలో పడిపోయిన చెట్ల లెక్క తొందరగానే తేల్చేశారు. నిలబడ్డ చెట్ల మొవ్వులే నెలల తరబడి చూస్తూ తిరిగారు. చలిదెబ్బ కూడా అలాంటిదే, ఆ రాత్రే ఫలితం తెలియదు. దెబ్బతిన్న మొవ్వులో నీళ్ళు నిలిచి, బూజూ బాక్టీరియా చేరి, నెల రెండు నెలల తర్వాత కుళ్ళు బయటపడుతుంది. అందుకే లేబుల్ మీద "15 డిగ్రీల వరకు తట్టుకుంటుంది" అని చూసి మురిసిపోకు. ఎంతసేపు 15? మొవ్వు తడిగా ఉందా, పొడిగా ఉందా? మర్నాడు ఎండ వచ్చిందా? ఆ అంకె ఇవేవీ చెప్పదు.

ఇప్పుడు హైబ్రిడ్ల సంగతి. మన అంబాజీపేట పరిశోధన స్థానంలో గోదావరి గంగ అని కొబ్బరి రకం చేశారు. ఈస్ట్ కోస్ట్ టాల్ అనే పొడుగు రకం తల్లి, గంగాబొండం పొట్టి రకం తండ్రి. పూగెల విచ్చుకోగానే మనిషి పైకెక్కి మగపూలన్నీ తీసేసి, గెలకి సంచి కట్టి, ఆడపూలు సిద్ధమయ్యాక పుప్పొడి చల్లాలి. ఇక్కడి వాళ్ళు చలికి ఓర్చే పామ్ హైబ్రిడ్లు చేసే తీరు కూడా దాదాపు అంతే. బుటియాని తల్లిగా పెట్టి, దాని మగపూలు విచ్చుకోకముందే గిల్లేసి, సంచి కట్టి, క్వీన్ పామ్ పుప్పొడి చల్లుతారు. పుట్టేది మ్యూల్ పామ్. తల్లి నుంచి చలి ఓపిక, తండ్రి నుంచి కొబ్బరి లాంటి షోకు, త్వరగా పెరిగే గుణం. తల్లికీ తండ్రికీ మధ్యరకంగా వస్తుందన్నమాట. అన్ని పిల్లలూ ఒకేలా ఉండవు, అది మన ఇంట్లోనే చూశాం.

ఈ పెళ్ళి మొదట చేసింది ఫ్రాన్స్ దక్షిణ తీరంలో, 19వ శతాబ్దం చివర్లో, పాల్ నాబొనాన్ అనే నర్సరీ ఆయన. ఆ కుటుంబం గులాబీలకి పేరుపడ్డది. మ్యూల్ పామ్ శాస్త్రీయ నామంలో ఇప్పటికీ ఆయన పేరే ఉంది. దీని కాయలు సాధారణంగా మొలవవు, అందుకే ప్రతి మొక్కా మళ్ళీ మొదటి నుంచి చేత్తో చేయాల్సిందే. పైగా ఒక్క మగపువ్వు మిగిలినా తల్లి సొంత పుప్పొడితోనే కాయ కట్టేస్తుంది. అందుకే మొలిచినవాటిలో ఉత్త బుటియాలు కూడా కలుస్తాయి, వాటిని ఏరి పక్కన పెట్టాలి. ధర చూసి అల్లుడు ఉలిక్కిపడితే ఈ పేరా చదివించు.

మ్యూల్ పామ్ చూస్తే నువ్వు పడిపోతావు, నాకు తెలుసు. మాకైతే సరిగ్గా సరిపోయే చెట్టు. మీకు వద్దంటాను. ఏ ఊళ్ళో ఎంత చలి పడుతుందో చూపిస్తూ 2023లో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు వేసిన మ్యాప్ ప్రకారం మీ క్యారీ 8ఏ జోన్, అంటే 10 నుంచి 15 డిగ్రీల ఫారన్‌హీట్. చాలామంది దాన్ని "ఇంతకన్నా కిందికి పోదు" అని చదువుతారు. అది 1991 నుంచి 2020 వరకు ఒక్కో ఏడాది పడిన అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటు మాత్రమే. సగటు అన్నాక కొన్నేళ్ళు దాని కిందికి పోతుంది. 1985 జనవరిలో మీ పక్కనున్న రాలీలో సున్నా కింద 9 ఫారన్‌హీట్ నమోదైంది. అలాంటిది రోజూ రాదు, నిజమే. కానీ మ్యూల్ పామ్ 15 దగ్గరే మట్టలు పోగొట్టుకుంటుంది. అంటే మీ ఊళ్ళో మామూలు చలికాలమే దానికి పరీక్ష. చిన్నగా ఉన్నన్నాళ్ళు కప్పుతావు. అది ఇల్లంత ఎత్తు ఎదిగాక దుప్పటి ఎవరు కప్పుతారు?

మీకు నేను చెప్పేది బుటియా, జుబేయా కలిపిన హైబ్రిడ్. జుబేయా చిలీ దేశపు పామ్. కాండం ఏనుగు కాలంత లావు, చలికి మహా గట్టిది. ఒంటిగా తెచ్చి మీ వైపు వేస్తే మాత్రం ఎండాకాలపు ఉక్క, వేడి రాత్రులు దానికి పడవు. దాని సొంత ఊళ్ళో ఎండాకాలం పొడిగా ఉంటుంది. బుటియా బ్రెజిల్ దక్షిణాన, ఉరుగ్వేలో పుట్టింది, ఉక్కకి అలవాటు పడిన ప్రాణం. రెండూ కలిస్తే మీ చలికీ మీ జులైకీ కూడా ఓర్చుకునే చెట్టు వస్తుంది. నీలి ఛాయ మట్టలు, కమాను లాంటి వంపు. కొబ్బరి అందం వేరు, దీని అందం వేరు. చూడగా చూడగా నచ్చుతుంది.

చిలీలో ఈ జుబేయా కల్లుని కాచి తేనె లాంటి పాకం చేస్తారట. ఆ కల్లు కోసం చెట్టునే నరికి పడేసేవాళ్ళు. మన గీత కార్మికులు చెట్టు చావకుండా ఏళ్ళ తరబడి గీసి, దించి, బెల్లం కాచడం ఎంత పనితనమో అది చదివాకే నాకు బాగా తెలిసొచ్చింది. సరే, అది వేరే కథ.

జుబేయా పూతకి రావడానికి దశాబ్దాలు పడుతుంది, కాబట్టి పుప్పొడి దొరకడమే కష్టం. ఈ హైబ్రిడ్ పిల్లమొక్క కొనేటప్పుడు రెండు ప్రశ్నలు అడుగు. ఒకటి, తల్లి ఏది? పేరులో ముందు రాసేది తల్లి, తర్వాతది తండ్రి. రెండు, ఇది నేరుగా రెండు జాతులు కలిపి చేసిన మొదటి తరమా, లేక హైబ్రిడ్ చెట్టు కింద రాలిన గింజ నుంచి మొలిచిందా? మ్యూల్ పామ్‌లా కాదు, దీని గింజలు మొలుస్తాయి. ఆ రెండో తరం మొక్కలు ఏ వైపు పోతాయో చెప్పలేం, ఒకటి మంచిది రావచ్చు, ఒకటి చలికి లొంగొచ్చు. అమ్మేవాడు జవాబు తడుముకుంటే డబ్బు జేబులోనే ఉంచు.

ఇది నెమ్మదిగా పెరుగుతుంది. అందాకా పెరడు బోసిగా ఉండకుండా కంచె వైపు బ్రజోరియా పామ్ ఒకటి వెయ్యి. అది మనుషులు చేసిన హైబ్రిడ్ కాదు. మా హ్యూస్టన్‌కి దక్షిణాన బ్రజోరియా కౌంటీ పల్లపు అడవుల్లో తనంతట తాను పుట్టింది. జన్యువులు పరీక్షించి, సేబల్ మైనర్ అనే పొట్టి రకానికీ పామెట్టో అనే పొడుగు రకానికీ పుట్టిందని తేల్చి, 2011లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. తమాషా ఏంటంటే టెక్సస్‌లో ఇప్పుడు పామెట్టో సహజంగా ఎక్కడా లేదు, దాని రక్తం మాత్రం ఈ చెట్లలో మిగిలింది. తల్లిదండ్రులు రెండూ మీ రాష్ట్రంలోనే ఉన్నాయి. సేబల్ మైనర్ మీ తీరం చిత్తడి అడవుల్లో, పామెట్టో బాల్డ్ హెడ్ దీవిలో. ఆకు తాటాకులా విసనకర్ర ఆకారం. మీ అమ్మ చూసి "తాటిపిల్ల" అంది, ఇక ఆ పేరే ఖాయం చేసింది. పెరుగుదల నత్త నడక. దాని మానాన దాన్ని వదిలేస్తే చాలు.

నాటే సమయం ఏప్రిల్ చివర, మే. పామ్ వేళ్ళు నేల వెచ్చబడ్డాకే పనిచేస్తాయి. ఎండాకాలమంతా వేరు పట్టిన మొక్క మొదటి చలికాలం దాటుతుంది. అక్టోబరులో సగం ధరకి అమ్ముతున్నారని నాటితే వేరు పట్టకముందే చలి వచ్చి పడుతుంది. మీది ఎర్ర బంకమట్టి కదా, గొయ్యి తవ్వితే నీళ్ళు గిన్నెలో నిలిచినట్టు నిలుస్తాయి. చుట్టూ మట్టి కాస్త ఎత్తు చేసి గట్టు మీద నాటండి. కుండీలో ఏ లోతున ఉందో అదే లోతు, మొదలు పాతెయ్యకూడదు. ఇంటికి దక్షిణం వైపు ఇటుక గోడ దగ్గర, చూరు నీళ్ళు నెత్తిన పడని చోటు మంచిది. గోడకి మరీ అంటుకుని వద్దు, రేపు పెద్దదయ్యాక మట్టలు కిటికీ గీరతాయి. ముందు వైపు వేయాలనుకుంటే హెచ్ఓఏ, అదే మీ కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం వాళ్ళని అడగండి, ఆ ఉత్తరాల టెన్షన్ మనకెందుకు.

మొదటి కొన్ని చలికాలాలు గట్టి చలి హెచ్చరిక వచ్చినప్పుడే కప్పాలి, నవంబరు నుంచి మార్చి దాకా చుట్టి ఉంచకూడదు. లోపల తడి చేరితే చలికన్నా అదే ముందు చంపుతుంది. మట్టలు పైకి పట్టి తాడుతో వదులుగా కట్టి, మొవ్వు చుట్టూ పాతకాలపు క్రిస్మస్ లైట్లు చుట్టి, పైన ఫ్రాస్ట్ క్లాత్, అదే మొక్కలకి చలి తగలకుండా కప్పే గుడ్డ, వెయ్యండి. లైట్లు వేడి పుట్టే రకం అయ్యుండాలి, ఎల్ఈడీ వెలుగే తప్ప వెచ్చదనం ఇవ్వదు. బల్బు మట్టకీ గుడ్డకీ ఆనకుండా చూసుకోండి. చలి తగ్గిన రోజే విప్పెయ్యండి.

ఫిబ్రవరి, మార్చిలో మధ్యలో నిటారుగా ఉన్న ముడి ఆకుని మెల్లగా లాగి చూడు. గట్టిగా ఉంటే సరే. చేతిలోకి ఊడివస్తే, కింద కుళ్ళు వాసన ఉంటే, భయపడి పీకి పారెయ్యకు. కుళ్ళినది తీసేసి, నీళ్ళు ఒంపేసి, రాగి కలిసిన మందు పొయ్యి. మన కొబ్బరి మొవ్వు కుళ్ళుకి తాతయ్య వేసే బోర్డో మిశ్రమంలో ఉండేదీ రాగే. ఇక్కడ కాపర్ ఫంగిసైడ్ అని సీసాలో దొరుకుతుంది, లేబుల్ మీద మోతాదు చూసి కలుపు. తర్వాత జూన్ దాకా చూడు. ఎండిన మట్టలు కూడా వసంతం వచ్చేదాకా కోయవద్దు, మిగతా చలికి మొవ్వుకి అవే అడ్డు. పచ్చని మట్టలు అసలే కోయవద్దు, తోటపని వాళ్ళు నీటుగా చేస్తామన్నా సరే.

నేను విమానంలో మొక్క తెస్తానని అనుకోకు. రాష్ట్రం దాటించే మొక్కలకి చీమల దగ్గర నుంచి తెగుళ్ళ దాకా నిబంధనలుంటాయి. మీ రాలీలోనే చలికి ఓర్చే పామ్‌లు పెంచే తోటలు, నర్సరీలు ఉన్నాయి. ఒక ఆదివారం జేసీ రాల్‌స్టన్ ఆర్బొరేటం అనే చెట్ల తోటకి వెళ్ళి ఎదిగిన చెట్లు చూసి రా. కుండీలో మొక్క చూసి ఎంత చోటు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఈలోగా దక్షిణం గోడ ఫోటో పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి తీసి పంపు. వాన పడ్డ మర్నాడు ఎక్కడ నీళ్ళు నిలిచాయో అది కూడా తియ్యి. పెరట్లో ఒక థర్మామీటర్ పెట్టు, ఫోన్లో చూపించేది విమానాశ్రయం చలి, మీ పెరటిది కాదు. మేము మే మొదటి వారంలో వస్తాం. గొయ్యి అప్పటిదాకా తవ్వొద్దని అల్లుడికి చెప్పు. మీ అమ్మ బీరగింజలు విడిగా పోస్టులో పంపింది.

నాన్న