దానం మాట ఎత్తకుండా ఒక బొమ్మల కథ చదివి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీ నేను రోజూ చదువుతాను. అందులో ఒకే రకం ఫోటో తరచూ వస్తుంటుంది. బడి ఆవరణలో పిల్లల్ని వరసగా నిలబెట్టి ఉంటారు, వాళ్ళ చేతుల్లో నోటు పుస్తకాలు, ఆ పుస్తకాల రెండో కొస పట్టుకుని కెమెరా వైపు చూస్తున్న పెద్దమనుషులు. ఇచ్చినవాళ్ళను తప్పు పట్టడం లేదు, ఇచ్చారు, సంతోషం. కానీ ఈసారి ఆ ఫోటోలో పిల్లల మొహాలు చూడండి. ఎండలో నిలబడి, ఎప్పుడు వదిలిపెడతారా అన్నట్టు ఉంటారు. ఇవ్వడమంటే స్టేజీ, శాలువా, ఫ్లెక్సీ అని అప్పుడే నేర్చేసుకుంటారు. తీసుకోవడమంటే తల దించుకుని నిలబడటమని కూడా.

ఇంకో దారి ఉందని చెప్పడానికే ఈ ఉత్తరం. కావలి దగ్గర మా ఊళ్ళో ఎండాకాలం సెలవుల్లో సాయంత్రం పూట పిల్లల్ని పోగేసి బొమ్మల పుస్తకాలు చదువుతుంటాం, నేనూ మా వీధి ఆడవాళ్ళు కొందరం. ఒక పుస్తకం మేమే తయారు చేసుకున్నాం. డ్రాయింగ్ బాగా వచ్చిన డిగ్రీ అమ్మాయి గీసిపెట్టింది, పదహారు పేజీలు. కథ పెద్దగా ఏం లేదు. ఒక అవ్వ వేపచెట్టు కింద కుండలో నీళ్ళు పెడుతుంది, వచ్చేపోయేవాళ్ళు తాగుతుంటారు, పేజీ తిప్పేకొద్దీ నీళ్ళు తగ్గుతుంటాయి, అవ్వ కునుకు తీసినప్పుడు తాగినవాళ్ళలోనే ఎవరో ఒకరు నింపి పోతారు. ఎవరు నింపారో మాటల్లో ఉండదు, బొమ్మలో వెతుక్కోవాలి.

పిల్లలు నీళ్ళ గురించి మాట్లాడతారని, చలివేంద్రం పెడదామంటారని మా అందరి లెక్క. రెండో తరగతి పిల్ల ఒకతి మధ్యలో పేజీ తిప్పనివ్వలేదు. "మేడం, ఈ అబ్బాయికి చెప్పుల్లేవు, కాలు కాలతా ఉంది" అంది. చూస్తే నిజమే, వరసలో అందరికంటే వెనక ఉన్న పిల్లవాడు ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కథలో వాడి గురించి ఒక్క ముక్క లేదు. ఇక అవ్వనీ కుండనీ వదిలేసి పిల్లలందరూ వాడి మీద పడ్డారు. వాడి ఇల్లు యాడ, చెప్పులు తెగిపోయాయా అసలు కొనివ్వలేదా, చెట్టు దాకా ఎట్టా వచ్చాడు, పరిగెత్తుకుంటూ వచ్చుంటాడు, కాదు గడ్డి మీద నడిచుంటాడు. రోహిణి కార్తెలో మా వైపు తారు రోడ్డు ఎట్టా ఉంటుందో వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు కదా.

మేం ఏమీ అనలేదు. మరుసటి రోజు ఒక పిల్లవాడు తనకు పొట్టయిపోయిన చెప్పులు తెచ్చాడు, "ఆ అబ్బాయికి" అన్నాడు. బొమ్మలో అబ్బాయికి ఎట్టా ఇస్తాంరా అని ఇంకోడు నవ్వాడు. అక్కడి నుంచి పని వాళ్ళే పట్టుకున్నారు. ఇళ్ళల్లో అడిగి, మెట్ల కింద, అటకల మీద వెతికి, తెచ్చినవాటిని సైజుల వారీగా అరుగు మీద పేర్చారు. కావలసినవాళ్ళు వచ్చి తొడుక్కుని చూసుకుని తీసుకుపోవచ్చు, పేరు రాయడం లేదు, ఫోటో లేదు. తెచ్చిన పిల్లల్లోనే కొందరు తమకు సరిపోయే జత ఎంచుకుని వెళ్ళారు, అది నాకు అన్నిటికన్నా నచ్చింది. బజార్లో చెప్పులు కుట్టే పెద్దాయన తెగినవన్నీ కుట్టిచ్చి డబ్బు తీసుకోలేదు. ఆయన ఆ పుస్తకం చూడనైనా లేదు, మనవరాలి నోట విన్నాడు.

అంతా బాగానే జరిగిందని అనను. విషయం వాట్సాప్ గ్రూపులో పడేసరికి పెద్దవాళ్ళు కొందరు ఒంటి చెప్పులు, అరిగి చిల్లులు పడ్డవి గోతాల్లో కట్టి పంపించారు. ఇల్లు దులుపుకోవడం వేరు, ఇవ్వడం వేరు. వాటిని ఏరి పారేయడానికి మాకే చాకిరీ అయింది. ఒకాయన అయితే ఫ్లెక్సీ ఖర్చు తాను పెట్టుకుంటానని ముందుకొచ్చారు, ఆ డబ్బుతో కొత్త జతలు కొనిమ్మంటే మళ్ళీ కనపడలేదు.

బొమ్మల పుస్తకం ఎందుకు పని చేసిందని నన్నడిగితే, అది ఏమీ అడగలేదు కాబట్టి అంటాను. రశీదు పుస్తకం పట్టుకుని ఇంటికి పోతే మనిషి ముందు రశీదు చూస్తాడు, పక్కింటాయన ఎంత రాశాడని చూస్తాడు. బళ్ళలో పిల్లల చేత పది రూపాయలు తెప్పించడం కూడా అంతే, అది ఇవ్వడం కాదు, అమ్మానాన్నలకు టెన్షన్. బొమ్మ ముందు కూర్చున్న పిల్లకు ఆ గొడవ లేదు, చదవడం సరిగ్గా రాకపోయినా చూడటం వచ్చు, చూసింది పెద్దవాళ్ళకంటే ముందే పట్టుకుంటుంది.

పుస్తకం ఎంచుకోవడంలో మాత్రం జాగ్రత్త పడాలి. డబ్బున్న బాబు పేద బాబుకు పాత చొక్కా ఇస్తే వాడు చేతులు కట్టుకుని నవ్వే రకం కథలు చాలా ఉన్నాయి, అవి వద్దు. వినేవాళ్ళలో ఆ రెండో బాబు కూడా కూర్చుని ఉంటాడు. తీసుకున్నవాడు తర్వాత ఇచ్చేవాడు అయ్యే కథలు కావాలి. అది మనకు కొత్తేమీ కాదు. నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగలో జరిగేది అదే. మొక్కుకుని స్వర్ణాల చెరువులో రొట్టె తీసుకున్నవాళ్ళు, కోరిక తీరితే మరుసటేడు రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె అని పిలుచుకుంటూ, మోకాలి లోతు నీళ్ళలో, మతం ఏందని అడక్కుండా, పేరు కూడా తెలియని మనిషి చేతిలో పెట్టి పోతారు. ఇంత మంచి సంగతి నాలుగేళ్ళ పిల్లకు చూపించే బొమ్మల పుస్తకంగా మా చేతికి ఒక్కటీ దొరకలేదు.

పుస్తకంలో పాఠం చదివి జనం కదలడం మన జిల్లాకు తెలుసు. దూబగుంటలో రోశమ్మ గారూ మిగతా ఆడవాళ్ళూ సారా మీద తిరగబడక ముందు ఏం జరిగింది? రాత్రి బడిలో కూర్చుని అక్షరాలు నేర్చుకుంటూ, ఆడవాళ్ళంతా ఏకమై సారా కొట్టు మూయించిన పాఠం చదివారు. పాఠంలో జరిగింది మన ఊళ్ళో ఎందుకు జరగదు అనుకున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చిందంటే దాని వెనక ఆ వాచకం కూడా ఉంది. ఆ తర్వాత అదే ఆడవాళ్ళు రోజుకో రూపాయి దాచుకుని పొదుపులక్ష్మి సంఘాలు నడిపారు. ఇవ్వడం మాటకొస్తే, స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసిన పొణకా కనకమ్మ గారి సంగతి చూడండి. 1921లో గాంధీజీ ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమానికి స్థలం ఇచ్చారు, 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. మా పిల్లలకు ఆమె పేరు ఒక బిట్ ప్రశ్న, అంతే.

పుస్తకాలకు డబ్బు యాడ తేవాలి అనేవాళ్ళకు ఒక మాట. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, రాసినవాళ్ళ పేరు, గీసినవాళ్ళ పేరు ఉంచి ఎవరైనా ప్రింట్ తీసుకోవచ్చు. ఇక గ్రంథాలయాలు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం. నాకు తెలిసిన ఒక శాఖలో పిల్లల బొమ్మల పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేశారు, ఏమయ్యా అంటే చించేస్తారండీ అన్నారు. చించనివ్వండి, చిరిగిందంటే ఎవరో తిప్పారనే కదా. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తారు, వక్తలు మాట్లాడతారు, వ్యాసరచన పోటీ పెడతారు. ఈ ఏడు ఆ ఉపన్యాసాల్లో ఒక్క పూట తగ్గించి, పదిమంది చొప్పున పిల్లల్ని కూర్చోబెట్టి బొమ్మలు కనిపించేట్టు చదవమని అడగండి. వందమందికి మైకులో చదివితే లాభం లేదు, వెనక వరసకు బొమ్మ కనపడదు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఆదివారం పిల్లల పేజీలో నెలకు ఒకసారైనా ఒక బొమ్మల కథ వేయండి, కత్తిరించి మడిస్తే చిన్న పుస్తకం అయ్యేట్టు, పెద్ద అక్షరాల్లో. రొట్టెల పండుగతో మొదలుపెట్టినా బాగుంటుంది, మా డ్రాయింగ్ అమ్మాయి గీసిస్తానంటోంది, డబ్బు అడగదు, పేరు వేస్తే చాలు. ఒక్కటి మాత్రం, కథ అయిపోయాక కింద "నీతి" అని ఒక లైను వేస్తుంటారు, అది వేయకండి. ఆ చోటు ఖాళీగా వదిలితే పిల్లలు ఏదో ఒకటి గీసుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా