‘ఎంత కట్టాలి’ అని అడగకముందే వకీలు కావాలి

సంపాదకుడు గారికి నమస్కారములు.

గత ఆదివారం మీ నగర పేజీలో, రోడ్డుపై విటులను పిలుస్తున్నారంటూ బస్టాపు దగ్గర ఆరుగురు మహిళలను పట్టుకున్న వార్తనూ, చున్నీలు మొహాన కప్పుకున్న వారి ఫొటోనూ చూసి, రాయాలా వద్దా అని నాలుగు రోజులు తటపటాయించి ఈ లేఖ రాస్తున్నాను. వార్తంతా పోలీసులు చెప్పిందే. పట్టుబడినవారు చెప్పుకోవలసింది కూడా ఏదైనా ఉంటుందన్న అనుమానం మీ విలేకరికి కలిగినట్టు లేదు. దాడుల్లో దొరికినవారు బాధితులైనా నిందితులైనా వారి ఆనవాలు తెలిసే ఫొటోలు వేయరాదని బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో 2022 మే 19న సుప్రీంకోర్టు చెప్పిన మాట మీ కార్యాలయం మెట్లు ఇంకా ఎక్కలేదనుకోవాలి.

నేను ఈ నగరంలోనే ఒక మేజిస్ట్రేటు కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాను. అందరూ పిటా కేసులనే, 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం కేసులు లెక్కలేనన్ని నా చేతుల మీదుగా వెళ్లాయి. వాటిలో 8వ సెక్షన్ చూడటానికి చిన్నది. రోడ్డు మీద నిలబడటం ఆ సెక్షన్ కింద నేరం కాదు. మాటతోనో సైగతోనో వ్యభిచారం కోసమే ఎదుటి మనిషిని పిలిచారనో, ఆ ఉద్దేశంతోనే తచ్చాడుతూ దారినపోయేవారికి ఇబ్బంది కలిగించారనో ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. ఎవరిని పిలిచింది, ఏమన్నది, విన్నదెవరు అని అడగటానికి పెద్ద వకీలు అక్కరలేదు, నిన్నగాక మొన్న కోటు తొడుక్కున్న జూనియరైనా చాలు. నేను చూసిన పంచనామాల్లో పేరు, వయసు తప్ప మిగతా వాక్యాలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండేవి. ఇబ్బంది పడ్డారన్న పాదచారి మాత్రం సాక్షుల జాబితాలో సాధారణంగా ఉండేవాడు కాడు.

అయినా కేసు నిలబడేది, ఎందుకంటే అడిగేవారే లేరు. ఆస్పత్రిలో ఆయా పని చేసుకునే ఒకామె చేతిలో టిఫిన్ డబ్బాతోనే బోనెక్కింది. నేరం ఒప్పుకుంటావా అని అడిగితే ఆమె చెప్పిన జవాబు, ‘ఎంత కట్టాలి సార్?’ వాయిదాకు మళ్లీ వస్తే ఒకరోజు కూలి పోతుందట. చీర కొంగు ముడి విప్పి, నలిగిన వంద నోట్లు అయిదు లెక్కపెట్టింది. మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు లేదా అయిదు వందల వరకు జరిమానా లేదా రెండూ అని చట్టంలో ఉంది గనుక అదే పెద్ద మేలనుకుని వెళ్లిపోయింది. రికార్డులో శిక్ష పడ్డట్టు నమోదైందని, రెండోసారి పట్టుకుంటే ఏడాది వరకు జైలు పడవచ్చని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇదే సెక్షన్ కింద మగవాడికి పడేది ఏడు రోజుల నుంచి మూడు నెలలేనన్న విచిత్రం వేరే సంగతి.

చట్టంలో లోటేమీ లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాది దొరకాలి. నిందితులు అడగకపోయినా ఆ హక్కు సంగతి కోర్టే చెప్పాలని సుఖ్‌దాస్ కేసులో 1986లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మా కోర్టు హాల్లో ఆ విషయం తెలిపే బోర్డు ఉండేది, ఇనుప బీరువా వెనక. వార్షిక తనిఖీకి పెద్దలు వచ్చే రోజున మాత్రం బీరువా ఒక మూర జరిగేది. బోర్డులు పెట్టించడం, ఫొటోలు దిగడం, నివేదిక పంపడం ఇవన్నీ మన అధికారులకు కొట్టిన పిండి. స్టేషన్‌లో రాత్రంతా బెంచీ మీద కూర్చోబెట్టిన మనిషికి ఉచిత న్యాయ సహాయం కోసం 15100కి ఫోన్ చేసుకోవచ్చని చెప్పడానికి మాత్రం నోరు రాదు.

కోఠిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో రాత్రి పది దాటాక ఆఖరి బస్సు కోసం నిలబడే ఆడవాళ్లలో ఎవరు ఎందుకు నిలబడ్డారో మీ విలేకరికి చూపుతోనే తెలిసిపోతుందేమో, నాకు తెలియదు. ఆ ఆరుగురి కేసు విచారణకు వచ్చిన రోజున వారి పక్కన న్యాయవాది ఉన్నాడో లేడో చూసి, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయవలసిందిగా కోరుతున్నాను. ఫొటో అవసరం లేదు.

— విశ్రాంత కోర్టు ఉద్యోగి, సైదాబాద్, హైదరాబాద్